ముందు స్ప్రింగు విప్పాలి: జాకీ ఒక్కటి చాలా, కంప్రెసర్ కావాలా?

#1 పాతబండి_కొత్తఓనర్

అందరికీ నమస్కారమండీ. నా దగ్గర 1971 ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. ముందు ఎడమ పక్క, కుడి పక్క కంటే రెండు వేళ్ల మందం కిందికి కూర్చుంది. గుంతలో పడితే టక్కుమంటుంది. బ్రేకు తొక్కితే స్టీరింగు ఒక్క అదురు అదిరి సర్దుకుంటుంది. చక్రం లేపి చూస్తే కింది ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే చెయ్యి) లోపలి బుష్‌లు, అంటే కీలు దగ్గరి రబ్బరు తొడుగులు, నలిగిపోయి, రబ్బరు బయటికి పొడుచుకొచ్చింది. రెండు పక్కలా స్ప్రింగులు, బుష్‌లు మార్చేద్దామని సామాను తెప్పించుకున్నాను.

ఇంజిన్ పని, బ్రేకు పని నేనే చేసుకుంటాను. స్ప్రింగు జోలికి మాత్రం ఇంతవరకూ పోలేదు. వీడియోల్లో ఒకాయన ఉత్త జాకీతో దించేశాడు. ఇంకొకాయన స్ప్రింగు లోపలికి దాన్ని నొక్కిపట్టే కంప్రెసర్ దూర్చాడు. మూడో ఆయన నాలుగు పొడుగు బోల్టులతో కానిచ్చేశాడు. ముగ్గురూ "ఇదే సేఫ్ పద్ధతి" అనే అంటున్నారు. నాకు టెన్షన్ పెరిగింది తప్ప స్పష్టత రాలేదు. మీరైతే ఎలా చేస్తారు?

#2 సుత్తిశీను

దీనికింత ఆలోచనెందుకు బాసూ. స్ప్రింగు కూర్చునే పళ్లెం కింద జాకీ పెట్టు, పైన బోల్టు లాగెయ్, జాకీ మెల్లగా దించు. స్ప్రింగు చేతికొస్తుంది. కంప్రెసర్లూ గింప్రెసర్లూ అంతా దుకాణాల వాళ్ల బేరం.

#3 గ్రీజుచేతులు

శీనూ, నువ్వు చెప్పిన పద్ధతి ఉన్నదే. పాత వర్క్‌షాప్ మాన్యువల్ కూడా కొంచెం అటూ ఇటూగా అదే చెబుతుంది. కానీ అది పని చేయడానికి రెండు మూడు షరతులున్నాయి, అవి నువ్వు చెప్పలేదు.

కొత్తఓనర్ గారూ, పద్ధతి ఏదైనా సరే, స్పానర్ పట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఈ క్షణాన స్ప్రింగును పట్టుకుని ఉన్నది ఏది? నేను విప్పబోయే బోల్టు అందులో భాగమా?

మీ బండిలో స్ప్రింగు పైకొస క్రాస్ మెంబర్‌లో (బండి ముందు అడ్డంగా ఉండే ఇనప దూలంలో) ఉంటుంది, కింది కొస పళ్లెంలో కూర్చుంటుంది. ఆ పళ్లెం కింది ఆర్మ్‌ల మధ్య బిగించి ఉంటుంది. ఆర్మ్ చివర కింగ్‌పిన్ (స్టీరింగు తిప్పితే చక్రం తిరిగే నిలువు కడ్డీ), దాని పైకొసకి ట్రనియన్ (కీలు ముక్క), ట్రనియన్‌ని పట్టుకుని షాక్ అబ్జార్బర్ ఆర్మ్. మీది లివర్ టైపు షాకర్ కాబట్టి, షాకర్ చెయ్యే పై ఆర్మ్ పని కూడా చేస్తుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు ఆ చెయ్యి రీబౌండ్ రబ్బరు (ఇంకా కిందికి పోకుండా ఆపే దిమ్మ) మీద ఆనుతుంది. అంటే స్ప్రింగు కిందికి తోసే బలమంతా పళ్లెం, ఆర్మ్, కింగ్‌పిన్, ట్రనియన్, షాకర్, చివరికి షాకర్‌ని క్రాస్ మెంబర్‌కి పట్టి ఉంచిన నాలుగు బోల్టులు, ఈ వరసలో నడుస్తోంది. ఇందులో ఏ ఒక్కటి ఊడినా స్ప్రింగుకి దారి దొరికినట్టే.

జనం దెబ్బతినేది స్ప్రింగు మార్చేటప్పుడు కాదు. అప్పుడు అందరూ భయంగానే ఉంటారు. "షాకర్ ఒక్కటే కదా మార్చేది, స్ప్రింగు జోలికి పోవట్లేదుగా" అనుకుని, చక్రం వేలాడుతుండగా ఆ నాలుగు బోల్టులు విప్పేటప్పుడు దెబ్బతింటారు. ఈ బండిలో షాకర్ విప్పడమంటే స్ప్రింగు విప్పడమే. టెలిస్కోపిక్ (గొట్టంలా ఉండే) షాకర్లున్న బండికి అలవాటుపడినవాళ్లు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి.

#4 మెకానికల్_మేడమ్

గ్రీజుచేతులు గారు చెప్పినదానికి కొంచెం లెక్క జోడిస్తాను. "స్ప్రింగు బలం ఎంతుంటుంది, చేత్తో నొక్కి పట్టుకోలేమా" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఒక ముందు చక్రం మీద 250 కిలోల బరువుందనుకుందాం. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటే, చక్రం దగ్గర ఉన్న బరువుకి స్ప్రింగు దాదాపు రెట్టింపు మోయాలి, అంటే 500 కిలోలు. చక్రం లేపాక కొంత సాగుతుంది, కానీ పూర్తిగా సాగదు. వేలాడుతున్నప్పుడు కూడా ఇంకా 10 సెం.మీ. నొక్కుకుని 300 కిలోల బలంతో ఉందనుకోండి. అందులో దాగిన శక్తి ½ × 3000 × 0.1, అంటే 150 జౌళ్లు. 15 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. వినడానికి పెద్దగా అనిపించదు. కానీ ఆ శక్తంతా నాలుగు కిలోల స్ప్రింగులోకి ఒక్కసారిగా వెళ్తే అది సెకనుకి 8 మీటర్లు దాటి కదులుతుంది. మీ మొహం ఉండేది అడుగున్నర దూరంలో. కన్ను ఆర్పేలోపు అయిపోతుంది.

ఇవి ఊరికే అనుకున్న అంకెలే, మీ బండివి వేరుగా ఉంటాయి. అర్థం కావలసింది పరిమాణం మాత్రమే.

#5 పాతబండి_కొత్తఓనర్

చాలా బాగా చెప్పారు ఇద్దరూ. షాకర్ సంగతి నాకు నిజంగా తట్టలేదు. బండిని ఎలా నిలబెట్టాలో కూడా చెప్పండి. స్టాండులు ఎక్కడ పెట్టాలి? నా దగ్గర రెండు స్టాండులు, ఒక ట్రాలీ జాకీ ఉన్నాయి.

#6 గ్రీజుచేతులు

స్టాండులు క్రాస్ మెంబర్‌కి వెనక, చాసిస్ రైళ్ల (బండి అడుగున పొడుగునా ఉండే ఇనప దూలాల) కింద. ఆర్మ్‌లు స్వేచ్ఛగా కిందికి రావాలి కాబట్టి వాటి కింద పెట్టడానికి లేదు. యాభై ఏళ్లు దాటిన బండి కాబట్టి ముందు ఆ రైలుని స్క్రూడ్రైవర్ కొసతో గట్టిగా పొడిచి చూడండి. కింద పూసిన నల్ల తారు బాగానే కనిపిస్తుంది, దాని వెనక ఇనుము ఉందో లేదో పొడిస్తేనే తెలుస్తుంది. డొల్ల శబ్దం వచ్చినా, పెచ్చులు ఊడినా ఈ పని ఆపి వెల్డింగ్ పని మొదలుపెట్టాల్సిందే. పొట్టలో పడ్డ తుప్పు స్టాండు తల దూరేదాకా బయటపడదు.

నేల గట్టిగా, సమంగా ఉండాలి. తారు నేల అయితే ఎండకి మెత్తబడి స్టాండు కాళ్లు దిగుతాయి, కింద మందపాటి ప్లైవుడ్ ముక్కలు వేయండి. వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కదిమ్మెలు. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలనే పడుతుంది, అవి నేల మీదే ఉంటాయి కాబట్టి ఈ పనికి ఫరవాలేదు. అదే వెనక కమాన్ల (పట్టీల స్ప్రింగుల) పని చేసే రోజున వెనక లేపేస్తే హ్యాండ్ బ్రేకు వేసినా వేయనట్టే.

బండి నేల మీద ఉండగానే చక్రం నట్లు, మొండికేస్తాయనుకున్న ప్రతి నట్టూ ఒకసారి కదిలించి పెట్టుకోండి. స్టాండుల మీదున్న బండికి పొడుగు రాడ్డు తగిలించి వేలాడటం మంచిది కాదు. స్టాండుల మీదికి దించాక రెండు చేతులతో బంపరు పక్కనుంచి గట్టిగా ఊపండి. కిందపడేదైతే మీరు బయట ఉండగానే పడాలి. ఊడదీసిన చక్రాలు రెండూ చాసిస్ కింద పడుకోబెట్టి ఉంచండి.

ఇక ట్రాలీ జాకీ గురించి ఒక్క మాట. ఆర్మ్ నిట్టనిలువుగా దిగదు, లోపలి పిన్ను చుట్టూ వంపు తిరుగుతూ దిగుతుంది. అంటే పళ్లెం దిగుతూ పక్కకి కూడా జరుగుతుంది. జాకీ చక్రాలు ఆ దిశలో దొర్లేలా పెట్టాలి. "జాకీ కదలకూడదు" అని దాని చక్రాలకి కూడా దిమ్మెలు వేసేవాళ్లున్నారు. అలా చేస్తే జాకీ కదలదు, పళ్లెమే జాకీ తల మీంచి జారిపోతుంది.

#7 సుత్తిశీను

స్టాండులు లేనివాళ్ల సంగతేంటి మరి? నేనెప్పుడూ సిమెంటు ఇటుకల మీదే నిలబెడతా. ఇన్నేళ్లలో ఏమీ కాలేదు.

#8 ట్రయంఫ్_తాత

శీనూ బాబూ, ఇటుక చెప్పి పగలదు. స్టాండు ఓవర్‌లోడ్ అయితే వంగుతుంది, కిర్రుమంటుంది, నీకు లేవడానికి ఒక క్షణం దొరుకుతుంది. సిమెంటు ఇటుకకి వంగడం తెలియదు. నిన్నటిదాకా మోసింది ఇవాళ పొద్దున ముక్కలవుతుంది. డొల్ల ఇటుకలైతే మరీ. స్టాండు లేకపోతే గట్టి కలప దుంగలు అడ్డం నిలువుగా పేర్చు, అదైనా నయం. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందికి దూరడం మాత్రం వద్దు. లోపల ఒక రబ్బరు సీలు అరిగితే చాలు, నూనె కారి దిగిపోతుంది.

#9 నిర్వాహకుడు

ఇటుకల మీద బండి నిలబెట్టమనే సలహా ఇక్కడ ఎవరూ ఇవ్వవద్దు. శీను గారి మాట చర్చలో వచ్చింది కాబట్టి ఉంచుతున్నాం, సలహాగా కాదు.

#10 పాతబండి_కొత్తఓనర్

అర్థమైంది. శనివారం మొదలుపెడతాను. క్లచ్ మార్చడానికి ఇంజిన్ దించేసి ఉంది కాబట్టి చోటు కూడా బోలెడుంది, పైనుంచి అంతా కనిపిస్తోంది. జాకీ పద్ధతే చేసేద్దామనుకుంటున్నాను.

#11 గ్రీజుచేతులు

ఆగండాగండి. ఇంజిన్ బయట ఉందని మొదటి పోస్టులో చెప్పలేదే! ఇందాక షరతులన్నానే, అందులో మొదటిది ఇదే.

జాకీ పద్ధతిలో స్ప్రింగుని నొక్కేది జాకీ కాదు, బండి బరువు. జాకీ కింద నుంచి తోస్తుంది, పైనుంచి బండి ఎదురు నిలబడుతుంది, మధ్యలో స్ప్రింగు నలుగుతుంది. ఇంజిన్ లేని బండి ముందు భాగం తేలిక. పళ్లెం కింద జాకీ కొడుతూ పోతే స్ప్రింగు నలగదు, బండే లేచిపోతుంది. మీరు పళ్లెం వైపే చూస్తూ ఉంటారు, అవతల స్టాండుకీ రైలుకీ మధ్య సందు వస్తుంది. అక్కడ జాకీ కొంచెం జారితే బండి ఒక మూల మీద పడుతుంది.

ఇంజిన్ ఉన్నప్పుడు కూడా జాకీ కొట్టే ప్రతిసారీ స్టాండు తల వైపు ఒక కన్ను ఉండాలి. సందు కనబడిందంటే ఇక కొట్టకూడదు.

మీకిప్పుడు రెండే దార్లు. ఇంజిన్ ఎక్కించాక ఈ పని చేయడం, లేదా బండి బరువుతో సంబంధం లేని పద్ధతి వాడటం. లోపలి కంప్రెసర్ గానీ పొడుగు బోల్టులు గానీ స్ప్రింగుని క్రాస్ మెంబర్ వైపే లాగి పట్టుకుంటాయి, బండి తేలికా బరువా అన్నది వాటికి పట్టదు.

#12 సుత్తిశీను

ఇంజిన్ చోట ఇద్దరు ఫ్రెండ్స్‌ని నిలబెడితే సరిపోదా? లేదంటే ఇసుక బస్తాలు.

#13 మెకానికల్_మేడమ్

మనుషులు కదులుతారండీ. ఫోన్ మోగితే దిగుతారు కూడా. స్ప్రింగు సగం దిగినప్పుడు వాళ్లలో ఒకరు "ఏమైంది?" అని వంగి చూస్తే చాలు. ఇసుక బస్తాలు కదలవు, కానీ వాటిని ఇంజిన్ బేలో సరిగ్గా క్రాస్ మెంబర్ మీదే బరువు పడేలా కట్టి నిలపడం ఇంకో తంటా. ఉన్న పనికి కొత్త ప్రమాదం తగిలించుకోవడమే.

#14 పాతబండి_కొత్తఓనర్

సరేనండీ, పొడుగు బోల్టులతోనే వెళ్తాను. కంప్రెసర్ నా సైజుది దొరకలేదు. పళ్లెంలో నాలుగు బోల్టులున్నాయి కదా. హార్డ్‌వేర్ షాపు నుంచి మీటరు పొడుగు థ్రెడ్ రాడ్డు తెచ్చి నాలుగు ముక్కలు కోశాను. సరిపోతుందా?

#15 మెకానికల్_మేడమ్

రాడ్డు మీద గ్రేడు (ఇనుము బలం చెప్పే అంకె) గుర్తు ఏమైనా ఉందా? మామూలుగా అమ్మే మెత్తటి రాడ్డు 4.6 లేదా 4.8 గ్రేడు. 8.8 గ్రేడు దొరుకుతుంది, అదే అడిగి తీసుకోండి. స్టెయిన్‌లెస్ వద్దు. మెరుస్తుంది కానీ మామూలు ఏ2-70 రకం 8.8 కంటే బలం తక్కువ. పైగా నట్టు తిప్పుతుండగానే మరలు ఒకదాన్నొకటి కొరికి మధ్యలో పట్టేస్తుంది. సగం దిగిన స్ప్రింగు మీద నట్టు పట్టేయడం కంటే పెద్ద తలనొప్పి ఉండదు.

నిజాయితీగా చెప్పాలంటే, నిలువుగా లాగే బలానికి మెత్తటి 8 మి.మీ. రాడ్డు కూడా లెక్కలో తెగదు. ఒక్కోటి 850 కిలోల దాకా సాగకుండా ఆగుతుంది, నాలుగు కలిపితే స్ప్రింగు బలానికి ఎన్నో రెట్లు. సమస్య వంగడం. పళ్లెం ఒక పక్కకి వాలితే రాడ్డు మీద పక్కబలం పడుతుంది, నట్టు దగ్గర మరలో వంగి అక్కడే బీట వస్తుంది. అందుకే 8.8, అందుకే నాలుగూ వాడాలి, అందుకే నాలుగూ సమంగా దించాలి.

పొడుగెంతో కూడా లెక్క వేసుకోండి. మీ దగ్గరున్న కొత్త స్ప్రింగు బల్ల మీద నిలబెట్టి కొలవండి. బండిలో ఉన్నదాన్ని చక్రం వేలాడుతుండగా కొలవండి. ఆ తేడా కంటే రాడ్డు ఇంకో నాలుగైదు సెం.మీ. పొడుగుండాలి. రాడ్డు చివరికొచ్చాక "ఇంకా బలం ఉందే" అని తెలిస్తే వెనక్కి బిగించుకుంటూ రావడమే గతి. చివర రెండు నట్లు ఒకదానికొకటి బిగించి లాక్ చేసి ఉంచితే నట్టు జారి ఊడే సమస్య ఉండదు.

#16 గ్రీజుచేతులు

మేడమ్ చెప్పినదానికి వరస కూడా కలుపుతాను. ముందు యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా రెండు పక్కల ఆర్మ్‌లని కలిపే కడ్డీ) లింకు విప్పేయండి. పాత బోల్టులు నాలుగూ ఒకేసారి తీయకూడదు. ఒకటి తీసి, ఆ రంధ్రంలో రాడ్డు పెట్టి, పైనా కిందా నట్టు బిగించి, ఆ తర్వాతే రెండోది. మిగిలిన మూడూ పట్టుకునే ఉంటాయి. మొత్తం అయ్యేదాకా జాకీ పళ్లెం కింద తాకుతూ ఉండాలి, ఎత్తడానికి కాదు, ఏదైనా తేడా వస్తే పట్టడానికి.

ఒక గొలుసు స్ప్రింగు చుట్ల మధ్యగా దూర్చి క్రాస్ మెంబర్ చుట్టూ తిప్పి కొక్కెం వేయండి. వదులుగానే ఉండాలి. పని జరిగినంతసేపూ దానికి పని ఉండదు, ఆ ఒక్క క్షణానికే అది.

రాడ్డుకి గ్రీజు పూయండి. స్పానర్‌తో చేత్తోనే తిప్పండి, ఇంపాక్ట్ గన్ వద్దు. రెండు మూడు చుట్లు ఒకదానికి, తర్వాత ఎదురు మూలది. పళ్లెం ఒరుగుతుందేమో చూస్తూ ఉండండి. మీ తల, మోకాలు స్ప్రింగు నిలువు గీతలో ఉండకూడదు. పక్కకి కూర్చుని చేతులు చాపి పని చేయండి. కళ్లద్దాలు తప్పనిసరి, స్ప్రింగుకి కాకపోయినా కళ్లలో రాలే తుప్పు కోసమైనా.

#17 మైనర్_మూర్తి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా మోరిస్ మైనర్ లాంటి బండి ఉన్నవాళ్లు "మాకు కాయిల్ స్ప్రింగే లేదు, మాకీ గోల లేదు" అనుకోవద్దు. ముందు టోర్షన్ బార్ ఉంటుంది. అంబాసిడర్‌కీ అదే, అదెటూ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందే. కడ్డీ మెలితిరిగి శక్తి దాచుకుంటుంది, చూడటానికి మామూలు ఇనప కడ్డీలా అమాయకంగా ఉంటుంది. కింది ఆర్మ్‌కి జాకీ ఆన్చకుండా ట్రనియనో షాకరో విప్పితే ఆర్మ్ కిందికి కొట్టే దెబ్బ స్ప్రింగు దెబ్బకేం తీసిపోదు.

ఇంకో రెండు మాటలు. విప్పే ముందు కడ్డీకీ లివర్‌కీ కలిపి గీత గీసుకోండి, పళ్లు ఎక్కడ కలిశాయో తెలియకపోతే ఎత్తు సెట్ చేయడానికి రోజు పోతుంది. ఎడమ కడ్డీ కుడికి, కుడిది ఎడమకి మార్చవద్దు, ఒక వైపు మెలికకి అలవాటుపడ్డ ఇనుము అది. కడ్డీని పట్టకారుతో పట్టడం, ఉలితో గుర్తు పెట్టడం వద్దే వద్దు. పైన పడ్డ చిన్న గాటు దగ్గరే రేపు విరుగుతుంది. గుర్తుకి పెయింటు వాడండి.

#18 ట్రయంఫ్_తాత

మూర్తి బాగా గుర్తుచేశాడు. ఎవరి బండి వాళ్లకి వేరు. మా స్పిట్‌ఫైర్‌లో షాకర్ మీదే స్ప్రింగు చుట్టి ఉంటుంది. మొత్తం యూనిట్ బండి నుంచి దింపడం సులువు, బలం దానిలోపలే ఉంటుంది కాబట్టి భయం లేదు. కానీ దింపాక పైన నడిమధ్య ఉండే ఒక్క నట్టు ఉంటుంది చూశావూ, కంప్రెసర్ వేయకుండా దాన్ని విప్పకూడదు. బల్ల మీద పెట్టాక అది ఏ ఇతర నట్టులానే కనిపిస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు. ఇక్కడ వాడేది బయటి నుంచి పట్టే కొక్కేల కంప్రెసర్, రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. ఒకే పక్కకి జరిగితే స్ప్రింగు అరటిపండులా వంగి కొక్కెం నుంచి తప్పుకుంటుంది.

వెనక కమాన్ల గురించి కూడా ఎవరైనా అడుగుతారు, ఇప్పుడే చెప్పేస్తా. కమాను కట్ట విప్పి పట్టీలు శుభ్రం చేసుకోవాలనుకుంటే, మధ్య బోల్టు తీసే ముందు ఆ పక్కా ఈ పక్కా రెండు గట్టి జీ-క్లాంపులు వేయండి. ఒక్కో పట్టీ వంపు ఒక్కోలా ఉంటుంది, ఆ బోల్టే వాటిని కలిపి అణచి ఉంచుతుంది. బోల్టు ఊడిన క్షణాన అవి విచ్చుకుంటాయి, మధ్యలో వేలు ఉంటే అంతే సంగతులు. బోల్టు తీశాక క్లాంపులు కొద్దికొద్దిగా వదులు చేసుకుంటూ రావాలి.

పాత మినీల్లో హైడ్రోలాస్టిక్ (ద్రవం మీద నడిచే సస్పెన్షన్) రకం ఉన్నవాళ్లు, సిట్రోయెన్ డీఎస్ ఉన్నవాళ్లు ముందు ద్రవం ఒత్తిడి దించుకోవాలి. సిట్రోయెన్ అయితే ఒత్తిడి పోగానే బండి మొత్తం పొట్ట మీద కూర్చుంటుంది, కింద మనిషి ఉన్నాడా అని చూడదు.

#19 పాతబండి_కొత్తఓనర్

8.8 రాడ్డు దొరికింది. శనివారం ఎడమ పక్క మొదలుపెట్టాను. కానీ కింది ఆర్మ్ లోపలి పిన్ను నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. మంట పెట్టమంటున్నాడు పక్కింటి అబ్బాయి. గ్యాస్ టార్చ్ ఉంది. పెట్టనా?

#20 గ్రీజుచేతులు

స్ప్రింగు దిగేదాకా అక్కడ మంట మాట ఎత్తకండి. స్ప్రింగు ఉక్కుకి వేడి తగిలితే దాని పదును పోతుంది, బలం కింద ఉన్నప్పుడైతే ఇంకా ప్రమాదం. ఆ పక్కనే షాకర్ నూనె ఉంది, బ్రేకు గొట్టం ఉంది. బుష్ రబ్బరు అంటుకుంటే వచ్చే నల్ల పొగ పీల్చేది కాదు.

పిన్ను నట్టు విప్పడం స్ప్రింగు దించడానికి అడ్డం కూడా కాదు. పళ్లెం ముందు దించండి. తుప్పు వదిలించే నూనె ఇవాళే పోసి వదిలేయండి, రేపు మళ్లీ పోయండి. కాస్టల్ నట్టు (తల మీద గాళ్లుండే నట్టు) తిరగకుండా గుచ్చే పాత స్ప్లిట్ పిన్ను ముక్క లోపలే విరిగి ఉండొచ్చు, దాన్ని సన్నటి పంచ్‌తో పూర్తిగా తోసేశారా? చాలాసార్లు నట్టు పట్టింది తుప్పుతో కాదు, ఆ ముక్కతో. అయినా రాకపోతే నట్టు స్ప్లిటర్‌తో చీల్చేయండి. ఎలాగూ కొత్త నట్టు వేయాల్సిందే.

#21 మెకానికల్_మేడమ్

ఇంకొకటి. క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని నొక్కే భాగం) తీసి ఉంటే దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడదీయకండి, తీగతో పైకి కట్టండి. గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, లోపలి పొర చిరుగుతుంది. పాత బండి బ్రేకుల దుమ్ము గాలి గొట్టంతో ఊదవద్దు. పాత ప్యాడ్లలో, లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి సంచిలో కట్టి పారేయండి.

#22 పాతబండి_కొత్తఓనర్

ఎడమ స్ప్రింగు బయటికి వచ్చింది! వివరంగా రాస్తాను, తర్వాత చేసేవాళ్లకి పనికొస్తుంది.

పిన్ను ముక్క లోపలే ఉంది, గ్రీజుచేతులు గారు అన్నట్టే. రాడ్లు ఒక్కోటే పెట్టడానికే చాలాసేపు పట్టింది, ఎందుకంటే పాత బోల్టు ఊడగానే రంధ్రాలు కొంచెం పక్కకి తప్పుతున్నాయి. సన్నటి కొస ఉన్న పంచ్ దూర్చి రంధ్రాలు కలుపుకుంటూ పెట్టాను. నాలుగూ పడ్డాక మూల నుంచి మూలకి రెండేసి చుట్లు. మూడో వంతు దిగాక పైన క్రాస్ మెంబర్‌లో గట్టిగా "ఠక్" అంది. చేతులు తీసేసి లేచి పక్కకి వెళ్లాను. టార్చి వేసి చూస్తే స్ప్రింగు పైకొస తన గుంటలో కొంచెం తిరిగింది, అంతే. పళ్లెం వెనక పక్క మాత్రం ముందు పక్క కంటే పైన ఉంది, అంటే నేను సమంగా దించట్లేదు. వెనక రెండు నట్లు కొంచెం దించి సమం చేశాక మిగతాదంతా నిశ్శబ్దంగా దిగింది. చివర్లో పళ్లెం చేత్తో కదిలేంత వదులైంది. గొలుసుకి పని పడలేదు.

అసలు విషయం: స్ప్రింగు కింది చుట్టు విరిగి ఉంది! పళ్లెంలో తుప్పు పొడి కింద వేలెడు ముక్క విడిగా పడి ఉంది. బండి ఒరిగింది దానివల్లే.

#23 గ్రీజుచేతులు

శభాష్. శబ్దం రాగానే ముందు లేచి పక్కకి వెళ్లారు చూడండి, చాలామంది తల లోపలికి పెట్టి చూస్తారు. విరిగిన ముక్కతో ఉన్న స్ప్రింగు మీద కొక్కేల కంప్రెసర్ వేసి ఉంటే, చివరి చుట్టుని నమ్ముకున్న కొక్కెం ఊడేది. అందుకే విప్పే ముందు అద్దం, టార్చితో చుట్లన్నీ చూడమంటారు, ముఖ్యంగా నీళ్లు నిలిచే కింది చుట్టు.

కుడిది విరగకపోయినా మార్చేయండి, జంటగానే వేయాలి. పళ్లెం లోపల గీకి తుప్పు లోతు చూడండి. నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోయి ఉంటే తెరవండి.

బిగించేటప్పుడు ఇదే పని తిరగేసి. రబ్బరు బుష్ వేస్తున్నారా, పాలీయురెథేనా (గట్టి ప్లాస్టిక్ రకం)?

#24 పాతబండి_కొత్తఓనర్

ఎంజీబీ వీ8 మోడల్‌కి వచ్చే రబ్బరు రకం, మధ్యలో ఇనప గొట్టం రబ్బరుకి అతికి ఉండేవి.

#25 గ్రీజుచేతులు

అయితే ఇంకో పని వాయిదా వేయాలి. ఆ రకంలో రబ్బరు లోపలా బయటా ఇనుముకి అతికి ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు జారదు, మెలి తిరుగుతుంది. చక్రం వేలాడుతుండగా పిన్ను నట్లు బిగించేస్తే, బండి దించగానే రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది, కొన్ని నెలల్లో చిరుగుతుంది. కాబట్టి బండి తన బరువు మీద, తన ఎత్తులో నిలబడ్డాకే ఆఖరి బిగింపు. మీ ఇంజిన్ ఇంకా బయటే ఉంది కదా, ఇప్పుడు చక్రాల మీద దించినా అది అసలు ఎత్తు కాదు. నట్టు ఆనేదాకా తిప్పి వదిలేయండి, స్టీరింగుకి "నట్లు బిగించలేదు" అని కాగితం కట్టండి. ఇంజిన్ ఎక్కాక బంపరు మీద నాలుగుసార్లు నొక్కి వదిలి, అప్పుడు మాన్యువల్ చెప్పిన టార్క్‌తో. కాస్టల్ నట్టు రంధ్రం కలవకపోతే ముందుకే తిప్పండి, వెనక్కి కాదు. స్ప్లిట్ పిన్నులు కొత్తవి.

పాలీ బుష్ అయితే ఈ గొడవ లేదు, అది పిన్ను మీద తిరుగుతుంది. దానికి దాని గ్రీజు పెట్టకపోతే కిచకిచలాడుతుంది.

#26 సుత్తిశీను

ఒప్పుకుంటా, ఇంజిన్ సంగతి నేను ఆలోచించలేదు. కానీ ఇంజిన్ ఉన్న బండికి జాకీ పద్ధతి ఇప్పటికీ మంచిదే అంటా.

#27 గ్రీజుచేతులు

ఉన్న బండికి నేనూ అదే చేస్తాను శీనూ. స్టాండుల మీద, గొలుసు వేసి.

#28 పాతబండి_కొత్తఓనర్

రెండు పక్కలా అయిపోయింది. ఇంజిన్ కూడా ఎక్కింది, పిన్ను నట్లు బండి నేల మీద ఉండగా బిగించాను. టక్కు శబ్దం పోయింది. బండి ముందు భాగం రెండు పక్కలా సమంగా ఉంది కానీ అనుకున్నదానికంటే వేలెడు ఎత్తుగా కనిపిస్తోంది. పైగా చెయ్యి వదిలితే కొంచెం ఎడమకి లాగుతోంది. ఏదైనా తప్పు బిగించానా?

#29 ట్రయంఫ్_తాత

ఎత్తు గురించి కంగారు వద్దు. కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లకి కొంచెం కూర్చుంటాయి. అప్పుడు ప్రతి నట్టూ మళ్లీ ఒకసారి టార్క్ రెంచితో చూసుకోండి.

లాగుడుకి ముందు టైర్లలో గాలి చూడండి. సమంగా ఉంటే ముందు రెండు టైర్లూ పక్కలు మార్చి నడపండి. లాగుడు కుడికి మారితే టైరుదే తప్పు. మారకపోతే కాసేపు బ్రేకు పెద్దగా వేయకుండా నడిపి ఆగి, రెండు హబ్‌ల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి పోల్చండి. ఎడమది ఎక్కువ వేడిగా ఉంటే క్యాలిపర్ పూర్తిగా వదలట్లేదు. రెండూ బాగానే ఉంటే అలైన్‌మెంట్‌కి తీసుకెళ్లండి. ఎలాగూ తీసుకెళ్లాల్సిందే, ఈ బండిలో ముందు సర్దుకోగలిగింది టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే.

#30 పాతబండి_కొత్తఓనర్

టైర్లు మార్చాను. ఇప్పుడు కుడికి లాగుతోంది. టైరే.